డప్పు కాచిన రోజు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. బస్సులో సీటు దొరికినా కిటికీ ఊచ మీద వేళ్లు తాళం వేస్తూనే ఉంటాయి. అలాంటిదాన్ని, బడిలో సంగీతం టీచర్నని ప్రతి శనివారం గుంటూరులో మగపిల్లల హోమ్‌కి వెళ్లి, నాకంటే కుదురు లేని పిల్లలకు సంగీతం చెప్పమన్నారు. ఏదో ఒక కేసులో పట్టుబడి, బాలల న్యాయ బోర్డు ముందు వాయిదా కోసం ఎదురుచూసే పిల్లలు వాళ్లు. సరళీస్వరాలు చెబుదామని హార్మోనియం తెరిస్తే ఒకడు తలుపు వైపు, ఇంకొకడు గోడ గడియారం వైపు చూసేవాడు. మిగతావాళ్లు కాళ్లు ఊపేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇక వెళ్లనని ఇంటికొచ్చి మావారితో అనడం, శనివారం పొద్దున్నే హార్మోనియం పెట్టెతో బస్సెక్కడం, రెండూ అలవాటైపోయాయి.

వాళ్లలో ఒకడు అన్నం కంచం మీద దరువు వేసి రోజూ తిట్లు తినేవాడు. పదహారేళ్లుంటాయి. ప్రకాశం జిల్లా వైపు పల్లె. తల్లి మిరపకాయల కోతకు వెళ్లే కూలి మనిషి. చూడ్డానికి వచ్చినప్పుడల్లా వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్లేది. కల్లంలో ఆరబోసిన ఎవరిదో మిర్చికి నిప్పు పెట్టాడని వాడి మీద కేసు. పెట్టాడో లేదో నేను అడగలేదు. అలాంటివి అడగకూడదని మొదటి రోజే చెప్పారు. వాణ్ణి తల్లితో ఇంటికి పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది బోర్డు తేల్చాలి. వాడి ప్రాణమంతా దాని మీదే ఉండేది.

"టీచర్, ఈసారైనా పంపిచ్చేస్తారంటారా?" అని వారం వారం అడిగేవాడు.

నాకేం తెలుసు? "ముందు నువ్వు కూర్చోరా" అనేదాన్ని.

ఒకరోజు వాడే అన్నాడు. "ఈ పెట్టె నాకు రాదు టీచర్. డప్పైతే వాయిస్తా. మా నాన్న వాయించేవోడు."

మా పేట చివర డప్పు వాయించే కుటుంబం ఉంటే అడిగి ఒకటి తెచ్చాను. ప్లాస్టిక్ రేకు బిగించిన డప్పులు బజారులో దొరుకుతాయనీ, వాటితో ఏ బాధా ఉండదనీ తర్వాత తెలిసింది. నేను తెచ్చింది తోలుది. వాడు చేతిలోకి తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు. తడిగుడ్డ మీద కొట్టినట్టు వినిపించింది.

"కాచాలి టీచర్" అన్నాడు.

తోలు డప్పును వాయించే ముందు మంట దగ్గర పట్టి కాచాలి. వేడికి తోలు బిగుస్తుంది, అప్పుడే పలుకుతుంది. మా వైపు ఊళ్లలో అందరూ చూసిందే. గదిలో పిల్లలంతా కాళ్లు ఊపడం మానేశారు. నిప్పు కావాలని అడుగుతున్నది వాడు మరి.

"అగ్గిపెట్టె గేటు దాటి లోపలికి రాకూడదమ్మా. అందులోనూ వాడి కోసమా? నా ఉద్యోగం ఊడుతుంది" అన్నారు సూపరింటెండెంట్ గారు. మంచి మనిషే, కాకపోతే భయస్తుడు.

గుంటూరు ఎండ ఉండగా మంటతో పనేముందని డప్పును మేడ మీద గచ్చుపై పెట్టాం. వేసవంతా ఖంగుమని మోగింది. ఊగే కాళ్లు దరువు అందుకున్నాయి. తలుపు వైపు చూసేవాడు కూడా అడుగు వేశాడు. ఆ శనివారాల్లో నేనూ విసుక్కోలేదు, సంతోషంగా ఇంటికి వెళ్లాను.

వానలు మొదలయ్యాక, బోర్డు మేజిస్ట్రేట్ మేడం హోమ్ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వాడి వాయిదా ఆ తర్వాతి వారమే. ఆవిడ ముందు డప్పు వాయింపు పెడదామని సూపరింటెండెంట్ గారే అన్నారు. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. తోలు మెత్తబడిపోయింది. నేను ఇస్త్రీపెట్టె తెమ్మంటే, మాడిపోతుందని వాడు డప్పును వీపు వెనక దాచుకున్నాడు. నేను వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. వాడూ నా వెనకే తిరిగాడు.

"ఇయ్యాల మోగకపోతే ఈడికేం రాదనుకుంటారు టీచర్. వాయిదాలో ఇంక నన్నేం చూస్తారు?"

ఆ మాటకు నాకు ఆగలేదు. తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లాను. "వంటింట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది కదండీ. ఒక్క డప్పు కాచుకోవడానికి అంత భయమా?" అన్నాను. గొంతు పెద్దదైందని నాకే తెలుస్తోంది.

సూపరింటెండెంట్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అగ్గిపెట్టె మీ చేతిలోనే ఉండాలమ్మా. నేను పక్కనే నిలబడతాను" అన్నారు.

వంటింటి వెనక రేకుల పంచ కింద అట్టముక్కలు, ఎండుపుల్లలు పోగేశాం. తేమకు అగ్గిపుల్లలు వెలగడం లేదు. నా తొందరలో పుల్లలు విరిగిపోతున్నాయి. విసుగొచ్చి, పెట్టుకున్న షరతు మరిచిపోయి, పెట్టె వాడి ముందుకు చాపాను. "నువ్వు గీయరా."

సూపరింటెండెంట్ గారు దగ్గారు. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోను టీచర్. మా అమ్మకి మాటిచ్చా. మీరే ఎలిగించండి."

నాకు ఏడుపొచ్చింది. ఎలాగో వెలిగించాను. వాడు డప్పును మంటకు కాస్త ఎడంగా పట్టి, గుండ్రంగా తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసుకున్నాడు. అంతలో గేటు దగ్గర కారు హారన్ వినిపించింది.

"పదరా, వచ్చేశారు" అన్నాను.

వాడు కదల్లేదు. మంట మీద మగ్గుతో నీళ్లు పోశాడు, పుల్లతో కెలికాడు, మళ్లీ పోశాడు. నేను ఒక కాలు గడపలో పెట్టి పిలుస్తూనే ఉన్నాను. వాడు కింద కూర్చుని బూడిద మీద అరచెయ్యి ఆనించి చూసి, అప్పుడు లేచాడు.

హాల్లో డప్పు మోగింది. వాన చప్పుడు ఇక వినపడలేదు. పిల్లలు వరసల్లోంచి లేచి అడుగు వేశారు. అయిపోయాక మేడం వాణ్ణి ముందుకు పిలిచారు.

"మాదీ ఇటువైపే. ఇంత ముసురులో తోలు డప్పు ఇలా మోగదే?"

"కాచామండి" అన్నాడు వాడు.

ఉన్నమాట చెప్పేశాడు. సూపరింటెండెంట్ గారు నేల చూపులు చూస్తున్నారు.

"నిప్పు ఎవరు పెట్టారు?"

"నేనండి" అని లేచి నిలబడ్డాను. ఆవిడ నా వైపు చూడలేదు, వాణ్ణే చూస్తున్నారు.

"ఆర్పింది నేనండి" అన్నాడు. "చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూసే వచ్చానండి."

అరచెయ్యి చాపాడు. ఇంకా నల్లగానే ఉంది. మేడం ఆ చేతిని కాసేపు చూసి, ఇంకోసారి వాయించమన్నారు.

వాయిదా రోజున బడిలో నేను ఏ క్లాసూ సరిగ్గా చెప్పలేదు. సాయంత్రం సూపరింటెండెంట్ గారి ఫోనొచ్చింది.

"తల్లితో పంపించారమ్మా. వెళ్లే ముందు డప్పు మేడ మీద ఎండకు పెట్టాడు. వాన పడితే తీయమని టీచర్‌కి చెప్పమన్నాడు."

బయటికి చూస్తే మబ్బు పట్టి ఉంది. శనివారం కాకపోయినా, చెప్పులేసుకుని హోమ్‌కి బయల్దేరాను.