ఎడమ పక్క గీతలు

మార్కాపురంలో నాది ఫ్లెక్సీలు డిజైన్ చేసే దుకాణం. రోజంతా నాయకుల మీసాలు దిద్ది, పుట్టినరోజు పిల్లల తలల వెనక నెమళ్లు పెట్టి పెట్టి కళ్లు మండిపోతాయి. కంటికి చలువ కావాలంటే ఇంటికొచ్చి మా నాయన పాత కారును చూసుకోవాల్సిందే. గుండ్రటి దీపాలు, స్టీరింగు కిందనే గేరు, ముందు చక్రం మీద లేచి తలుపు దాకా వచ్చి మెల్లగా వాలిపోయే ఆ వంపు. ఇప్పటి కార్ల మొహాలు చూడండి, ఎవరిమీదో అలిగినట్టుంటాయి. సైకిలన్నా నాకు అంతే పిచ్చి. అనవసరమైన ముక్క ఒక్కటి కూడా లేని వస్తువు అది.

కారు మీద ఏ గీత ఎప్పుడు పడిందో నాకు తెలుసు. అందుకే ఎండాకాలం నుంచి కొత్త గీతలు పడుతుంటే ఒళ్లు మండిపోయింది. ఆటోవాళ్లను తిట్టాను. సందు మలుపులో అరుగు ముందుకు జరిపి కట్టుకున్నాయనతో పోట్లాడాను. చివరికి తలుపుకే సొట్ట పడిన రోజు, తడిగుడ్డతో తుడుస్తూ కారు చుట్టూ తిరిగాను. కుడి పక్క అద్దంలా ఉంది. గీతలన్నీ ఎడమ పక్కే. నాయనను అడిగితే, "పాత బండి, గీతలు పడవా ఏంది?" అన్నాడు.

ఆదివారం పొద్దున అమ్మానాయన కారులో గిద్దలూరు రోడ్డు మీద కొంతదూరం పోయి రావడం, వెంట నేను సైకిలు తొక్కడం మాకు అలవాటు. అమ్మ ఎడమ కిటికీ దగ్గర కూర్చుని నోరు మూయదు. "గొర్రెలొస్తుండాయి. ఆటో నిలబడుండాది. ఆ ముసలాయన ఎట్ల నడుస్తుండాడో చూడు." రేడియో పెట్టుకున్నట్టుందని ఏడిపించేదాన్ని.

ఆ ఆదివారం అమ్మకు జ్వరం. నాయన ఒక్కడే కారు తీశాడు. ఊరు దాటాక నేను వెనక నుంచి వేగం పెంచి ఎడమ కిటికీ పక్కకు వచ్చాను. చెయ్యి ఊపాను. నాయన చూడలేదు. మళ్లీ ఊపాను. కారు మెల్లగా నా మీదికే జరగడం మొదలుపెట్టింది. ముందర రోడ్డు అంచున ఒకామె మేకలు తోలుకుపోతోంది. నాయన హారన్ కొట్టలేదు. "నాయనా" అని అరుస్తూ అరచేత్తో తలుపు బాదాను. బ్రేకు పడింది. నేను సైకిలుతో సహా మట్టిలో పడ్డాను. మేకలు చెదిరిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి, బంపరుకూ తనకూ మధ్య మిగిలిన జానెడు జాగా వంక చూసింది. చెదిరిన మేకల వెనక పోయింది. తిట్టినా బాగుండేది.

నాయన తల మొత్తం తిప్పి నన్ను చూశాడు. "ఎప్పుడొచ్చినావమ్మా? ఎనకాల యాడనో ఉండావనుకున్నా."

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే దుప్పట్లోంచే అంది: "నాకు తెలుసు. అందుకే గదా పక్కన కూచోని వాగేది. కారు వద్దంటే ఆ మనిషి మంచం పడతాడే." అమ్మ మీద కోపం, నాయన మీద జాలి, ఆ మేకలామె మొహం, అన్నీ కలిసి భోరున ఏడ్చాను.

జ్వరం తగ్గగానే ముగ్గురం బస్సెక్కి కళ్ల ఆసుపత్రికి పోయాం. కారు తాళం ఇమ్మంటే నాయన ఇవ్వలేదు. "కళ్లద్దాలు మారిస్తే సరిపోద్ది. వచ్చే ఆదివారం నేనే తోల్తా," అని దారంతా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ చాలాసేపు చూసి, నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందట. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కన్నుకూ అంచుల నుంచి మొదలైంది. పోయిన చూపు రాదు, మందు చుక్కలతో ఉన్నది నిలబెట్టుకోవాలి. నాయన వినీ విననట్టు, "సరేలేమ్మా, అద్దాలు రాయి" అన్నాడు.

చీటీ రాస్తూ ఆమె తలెత్తి నావైపు చూసింది. "మీ కూతురా? ఇది వంశంలో వచ్చే జబ్బు. నువ్వు కూడా కూర్చోమ్మా, చూస్తాను."

నాయన గబుక్కున లేచి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, జేబులోంచి తాళం తీశాడు. నాకే అనుకుని చెయ్యి చాపాను. నా కళ్లలోకి కాసేపు చూసి, స్టీరింగు ఎన్నడూ ముట్టని మా అమ్మ ఒళ్లో పెట్టాడు.