గురువారం కచేరీ

ఉరుకుందు ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ముప్పయ్యేళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతుకుతున్న మనిషి. నలభై ఐదేళ్లకే మోకాళ్లు ముసలివైపోయాయి. పొద్దున గుంటలో దిగేటప్పుడు ఒకసారి, సాయంత్రం పైకి లేచేటప్పుడు ఒకసారి "అప్పా" అనేవాడు. అంతకుమించి తన కష్టం గురించి ఎవరి ముందూ నోరు విప్పింది లేదు. బడి ముఖం చూడలేదు గానీ, నూలు కట్టల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు. అందుకని వీధిలో ఎవరింటికి కాగితం వచ్చినా అది ముందు అతని మగ్గం దగ్గరికే వచ్చేది.

అతనికి ఉన్న ఒకే ఒక్క యావ సన్నాయి. సంత దగ్గర కాఫీ హోటల్లో ఒక గ్రామఫోను ప్లేటు ఉండేది. తంజావూరు వైపు విద్వాంసుడెవరో వాయించిన తోడి రాగమని హోటలాయన చెప్పాడు. రాగం మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయి, ఇంకా పైకి పోతుందనగా గరగరమని ఆగిపోయేది.

"ప్లేటు అరిగిపోయిందా ఏమప్పా?" అని అడిగాడు ఉరుకుందు, మొదటిసారి విన్నప్పుడు.

"అరగలేదు. ప్లేటుకు అంతే పడుతుంది. మూడు నిమిషాలు."

కొంగు నేయకముందే కోసేసిన చీరలాగా తోచింది అతనికి. పదేళ్లుగా ఆ చీర మిగతాది ఎట్లా ఉంటుందో చూడాలని మనసులో ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, ఆదోని బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో కలిసిన మూడో ఏడు, మాఘమాసంలో, ఆ విద్వాంసుడే ఆదోనికి వస్తున్నాడని తెలిసింది. ఆ మాట తెచ్చినవాడు దేవేంద్రప్ప. వారం వారం గుడ్డల మూటలు ఆదోనికి తీసుకుపోయే మనిషి. పత్తి బండ్లు విడిచే పెద్ద బయలులో పందిరి వేస్తున్నారట. గురువారం సాయంత్రం ఐదుకు మొదలట.

"ఎంతమంది పడతారు ఆడ?" అడిగాడు ఉరుకుందు.

"పడతారా? నీళ్లు పోసినట్టు పోస్తారు జనాన్ని. కౌతాళం, చిప్పగిరి నుంచి బండ్లు కట్టుకుని వస్తాండారు. మధ్యాహ్నం బస్సుకు పోయినావంటే రోడ్డు మీద నిలబడి వినాల్సిందే. పొద్దున బస్సుకే పో."

"మైకు యాడ కడతారు?"

"మైకుతో నీకేం పనప్పా? నువ్వు వాయిస్తావా?"

"దాని కింద కూసుంటే సన్నాయి రేకు డబ్బా మాదిరి వినపడుతుంది. దానికి దూరంగా, వేదికకు దగ్గరగా కూసోవాల."

దేవేంద్రప్ప నవ్వి, నేల మీద పుల్లతో గీసి చూపించాడు. ఇక్కడ వేదిక, ఇక్కడ ఆడవాళ్లు, ఇక్కడ బండ్లు. ఎడమ పక్క గోడ దగ్గర ముందు నుంచి నాలుగైదు వరసల్లో కూర్చుంటే మంచిదని ఇద్దరూ తేల్చారు. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి మూటకట్టుకోవాలి. దుప్పటి తీసుకుపోవాలి. అయిపోయాక రైలు స్టేషన్‌లో పడుకుని తెల్లారి బస్సుకు రావాలి. మగ్గం మీది గుడ్డ గురువారానికి ముందే దించేయాలి. కొత్త పోగు ఎక్కించే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకున్నట్టు, ఉరుకుందు అన్నీ చూసుకున్నాడు.

ఒక్కటే కుదరలేదు. గురువారం పొద్దున్నే అదే వీధి నేతగాడు నరసన్న పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పట్టించే పని ఉంది. పడుగును వీధి పొడవునా సాగదీసి, ఎండ ముదరకముందే గంజి పూసి, పోగులు అంటుకోకుండా కుంచెలు తోలాలి. ఇంటికొక మనిషి రావాల్సిందే. ఒకరి పడుగుకు నువ్వు పోకపోతే నీ పడుగుకు ఎవరూ రారు. చావు, జబ్బు, సర్కారు పని, ఈ మూడింటికే మినహాయింపు. సన్నాయి వినడానికి పోతాను, మీరు కుంచెలు తోలుకోండి అని ఏ నోటితో చెప్పడం?

ఆదివారం సాయంత్రం గడపలో కూర్చుని భార్య శ్రీశైలమ్మతో, "గురువారం ఆదోనికి పోతా. కచేరీ ఉంది," అన్నాడు మెల్లగా.

చింతపండు అడగడానికి వచ్చిన సుంకమ్మ ఆ మాట వింది. ఆమె వీధి చివర గుడిసెలో ఉండే కూలి మనిషి. మొగుడు పోయి ఏడాది అయింది.

"కచేరీకా? ఏం తకరారు వచ్చిందప్పా నీకు?" అంది గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆ వైపు జనానికి కచేరీ అంటే తాలూకా ఆఫీసే. పాట కచేరీ అని చెప్పబోయాడు ఉరుకుందు. అంతలో ఇంకొకటి తోచింది. కచేరీ అంటే సర్కారు పని. సర్కారు పనికి మినహాయింపు ఉంది.

"ఏం లేదవ్వా. చిన్న పని," అన్నాడు.

తెల్లారేసరికి వీధంతా తెలిసింది. నరసన్న తనే వచ్చి, "గంజి పని మేం చూసుకుంటాం లేన్నా, కచేరీ పని పోగొట్టుకోవద్దు," అని చెప్పి పోయాడు. ఉరుకుందు తల వంచుకుని మగ్గం గుంటలో దిగాడు.

బుధవారం సుంకమ్మ ఒక కాగితం తెచ్చింది. ఆమె గుడిసె ఉన్న జాగా తనదేనని మరిది అర్జీ పెట్టుకున్నాడు. ఆమెకు చెప్పుకునేది ఉంటే గురువారం సాయంత్రంలోగా చెప్పుకోవాలని నోటీసు. జవాబు ఎవరిచేతనో రాయించి వేలిముద్ర వేసింది.

"నేనే పోదామనుకుంటి. నువ్వు పోతాండావని తెలిసినాక ఆగిపోతి. నా కాళ్లు నీకు తెలుసు కదా నాయనా. తాసీల్దారు చేతికే ఇచ్చి, ముద్ర ఏసిన రసీదు తే."

ఆమె పోయాక శ్రీశైలమ్మ మొగుడి ముఖం చూసింది. "నోరు తెరిచి నిజం సెప్పింటే అయిపోతాండె," అంది.

"ఇప్పుడెట్లా చెప్పేది? పొద్దున్నే పోతా. ముందు ఇది ఇచ్చి, బయలుకు పోతా. ఐదు దాకా టైముంది."

గుడ్డ దించడం కోసం నాలుగు రోజులుగా తొలికోడికే గుంటలో దిగాడు. గురువారం బస్సులో కూర్చున్నప్పుడు కాళ్లు తనవి కానట్టు ఉన్నాయి.

పదింటికి కచేరీ వరండా ఎక్కాడు. తాసీల్దారు క్యాంపుకు పోయాడట, మధ్యాహ్నం వస్తాడట. ఇరవై మంది కూర్చుని ఉన్నారు. గుమాస్తా మంచివాడే. "ఆ బల్ల మీద పెట్టి పో పెద్దాయనా, వచ్చినాక నేను చూపిస్తాలే," అన్నాడు.

"ముద్ర ఏసి రసీదు ఇస్తారా సామీ?"

"ముద్ర దొర వస్తేనే."

ఉరుకుందు కాగితం మడత చూసుకున్నాడు. పోవచ్చు. బల్ల మీద పెట్టి, ఇప్పుడే బయలుకు పోయి, ఎడమ పక్క గోడ దగ్గర దుప్పటి పరుచుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ గుర్తు వేయించకుండా నూలు కట్ట చేయి మారితే ఏమవుతుందో ముప్పయ్యేళ్లుగా చూస్తున్నవాడు. వెనక్కి వచ్చి వరండా చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పన్నెండయింది. రొట్టె తిన్నాడు. రెండయింది. రోడ్డు మీద బండ్లు వరసగా బయలు వైపు పోతున్నాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జనం పోతున్నారు. నాలుగింటికి తాసీల్దారు జీపు వచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచాడు, ఓపిగ్గా విన్నాడు. సుంకమ్మ కాగితం వంతు వచ్చేసరికి ఐదున్నర. ముద్ర పడింది. రసీదు జేబులో పెట్టుకుని ఉరుకుందు మెట్లు దిగాడు. పరుగెత్తాలనుకున్నాడు గానీ మోకాళ్లు ఒప్పుకోలేదు. నడిచాడు.

బయలు చూసి నిలబడిపోయాడు. అంత జనాన్ని ఒకచోట అతను ఎన్నడూ చూడలేదు. వేదిక ఎక్కడో దీపాల నడుమ అరచేయంత ఉంది. ఎడమ పక్క గోడ సంగతి అటుంచి, గోడే కనపడలేదు. అన్నిటికంటే వెనక, సరిగ్గా మైకు కట్టిన స్తంభం కింద, ఒక బండి చక్రం పక్కన కాస్త చోటు దొరికింది. చక్రానికి వీపు ఆనించి కాళ్లు చాపాడు. పొద్దున్నించీ మొదటిసారి కాళ్లు చాపింది అదే.

ఒక చిన్న కీర్తన అయిపోయింది. కాసేపు శ్రుతి సరిచూసుకున్నారు. తరువాత, తొందర లేకుండా, తోడి మొదలైంది. ప్లేటులో వినని పనితనం ఎంతో ఉంది ఇందులో. ఒక స్వరం మీద నిలబడి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పోగు పోగుకూ ముడి తగలకుండా విప్పుతున్నట్టు వాయిస్తున్నాడు. ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడో కనిపెట్టాలని ఉరుకుందు కళ్లు మూసుకున్నాడు.

ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిచేసరికి జనం లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. పక్కన బండి యజమాని ఎద్దుల్ని కడుతున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఉరుకుందు.

"మంగళం కూడా వాయించేసినారు."

"తోడి?"

"గంటసేపు వాయించినాడప్పా మహానుభావుడు! నువ్వు తల ఊపుతాంటే, మంచి రసికుడు పక్కన కూసున్నాడే అనుకుంటి."

ఉరుకుందు లేచాడు. దుప్పటి భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు. అక్కడ బల్ల దొరికింది గానీ, ఇప్పుడు నిద్ర రాలేదు.

శుక్రవారం పొద్దున రసీదు సుంకమ్మ చేతిలో పెట్టాడు. ముద్రను వేలితో తడిమి చూసి, కొంగున ముడేసుకుంది. "శానాసేపు కూసోబెట్టినారా నాయనా?" అని అడిగింది. కొంత సేపేనవ్వా, అన్నాడు.

నరసన్న ఇంటి ముందు కుంచెలు ఆరబెడుతున్నాడు. "పనయిందా అన్నా కచేరీలో?" అని కేకేశాడు.

ఉరుకుందు ఆగాడు. ఇంకొక అబద్ధం మోయడానికి ఒంట్లో సత్తువ లేదు.

"ఆ కచేరీ కాదప్పా. నేను పోయింది సన్నాయి కచేరీకి. సుంకమ్మవ్వ కాగితం వస్తే ఆఫీసుకు పోయినా. బయలుకు పోయి నిద్రపోతి. మొదలు తప్ప ఒక్క ముక్క వినలేదు."

నరసన్న కుంచె అట్లే పట్టుకుని చూశాడు.

"ఆ తంజావూరాయన సన్నాయికా? ఎంత పని చేస్తివన్నా! ఒక్క మాట సెప్పింటే గంజి పని శుక్రవారానికి పెట్టుకుని వీధి వీధంతా బండి కట్టుకుని పోతాంటిమి కదా! నువ్వు కచేరీ అంటివని, నీకేం కష్టమొచ్చిందో, ఇట్లాంటప్పుడు సన్నాయికి పోతే బాగుండదని నేను పోలేదు."

శ్రీశైలమ్మ గడపలో నిలబడి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. ఉరుకుందుకు కూడా నవ్వు వచ్చింది గానీ, అది పూర్తిగా పైకి రావడానికి అలసట అడ్డుపడింది. నరసన్న పక్కనే అరుగు మీద కూలబడి, ఆరబెట్టిన కుంచె ఒకటి తీసుకుని, ఎండిన గంజిని వేళ్లతో రాలుస్తూ కూర్చున్నాడు.