ఖాళీ బండి బరువు తీసేశాం, సుధాకరన్నా

నిన్న పొద్దున ఒక వీడియోలో ఫ్రేములు లెక్కపెడుతున్నాను. అమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది.

"మీ సుధాకరన్న పోయినాడంటమ్మా."

గుండెపోటు. ముప్పై ఆరేళ్లు.

నేను లెక్క ఆపిన చోటు ఇంకా గుర్తుంది. రెండు వందల పన్నెండు.

ఈ పోస్ట్ దిగులుగా రాయాలని తెలుసు. కానీ ఈ మధ్యాహ్నం జరిగింది చెప్పకుండా ఉండలేను. తప్పుగా అనుకోకండి.

సుధాకరన్న మా పెదనాన్న కొడుకు. మార్కాపురంలో లారీల కాటా దగ్గర పని. పలకల రాళ్ల లారీ కాటా ఎక్కితే బరువు చూసి చీటీ ఇవ్వాలి. ఇది అందరికీ తెలుసు.

అందరికీ తెలియనిది: అన్న స్పీడ్‌రన్నర్.

అంటే, ఒక వీడియో గేమ్‌ని ఎంత తక్కువ టైమ్‌లో ముగించగలమా అని పోటీ పడటం. మా గేమ్ చాలా పాతది. ఒక పిల్లి ఇరవై తలుపులు దాటి కోట బయటికి రావాలి. ఆడేది మేం ఆరుగురమే.

నన్ను చేర్చింది అన్నే. "నువ్వు ఎవురితో మాట్లాడే పనిలేదులేమ్మా. వీడియోలు చూసి టైమ్ లెక్కపెట్టు, చాలు," అన్నాడు. కాన్వెంట్‌లో పదేళ్లూ పుస్తకం వెనక దాక్కున్నదాన్ని. ఇంతకంటే మంచి ఉద్యోగం నాకెవరిస్తారు? నెల తిరక్కుండానే ఆడటం కూడా మొదలుపెట్టాను.

గొడవంతా తలుపుల దగ్గరే.

ప్రతి తలుపు దగ్గరా తెర నల్లబడుతుంది. తర్వాతి గది లోడ్ అయ్యేదాకా ఆగాలి. మా ఆరుగురిలో ఒకడైన గిద్దలూరు ఇమ్రాన్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక సెకను. నా కంప్యూటర్‌లో మూడు. అన్న కాటా గదిలో ఉన్న పాత డబ్బాలో ఐదు. ఇరవై తలుపులకి ఎంతో మీరే చూసుకోండి. బాగా ఆడినవాళ్లు కాదు, కొత్త మెషీన్ ఉన్నవాళ్లు గెలుస్తున్నారు.

ఒక ఆదివారం అన్న మమ్మల్నందరినీ కాటా దగ్గరికి పిలిచాడు.

"లారీని నిండుగా తూస్తాం. ఖాళీగా తూస్తాం. ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే సరుకు. లోడింగ్ గూడా అట్లే. అది బండి బరువు. తీసేయాల."

ఇమ్రాన్ ఒప్పుకోలేదు. "ల్యాప్‌టాప్ మా నాయన కొనిచ్చినాడన్నా. నేనేమన్నా దొంగతనం చేసినానా ఏంది?"

"ల్యాప్‌టాప్ నీదే అబ్బాయ్. ఆ సెకన్లు మాత్రం నువ్వు ఆడినవి కాదు."

అందరం నవ్వాం. కాసేపయ్యాక ఇమ్రాన్ కూడా.

ఫ్రేమంటే వీడియోలో ఒక్క బొమ్మ, సెకనుకి ముప్పై. నల్లగా ఉన్నవి లెక్కపెట్టి తీసేసిన కొత్త లెక్కలో నేను ఫస్ట్ వచ్చాను! ఆ రోజంతా నేల మీద నడవలేదు.

మర్నాడు సాయంత్రం అన్న ఫోన్. "అమ్మా, నీ వీడియోలో తెర మసకబారేటప్పటి నుంచే తీసేసినావు. ఇమ్రాన్‌ది పూర్తిగా నల్లబడినాక తీసేసినావు. ఒకసారి చూసుకో."

చూసుకున్నాను. నిజమే. కావాలని చేయలేదు. కానీ చేశాను.

"కాటా కాడ ఇదే మోసం జరుగుతాది," అన్నాడు అన్న. "నిండు లారీ తూచేటప్పుడు డ్రైవర్ లోపల్నే కూర్చుంటాడు. ఖాళీది తూచేటప్పుడు దిగుతాడు. మనిషి బరువు గూడా సరుకులో కలిసిపోతాది. దించితే రెండుసార్లూ దించాల. లేదంటే అసలు దించగూడదు."

మళ్లీ లెక్క వేశాను, అందరికీ పూర్తిగా నల్లబడ్డాకే. ఎందుకు మార్చానో, ఆ డ్రైవర్ సంగతితో సహా ఇమ్రాన్‌కి చెప్పాను. ఇమ్రాన్ ఫస్ట్. నేను సెకనుకి కాస్త తక్కువ తేడాతో సెకండ్.

రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు. మామూలుగానే తక్కువ మాట్లాడతాను కాబట్టి అన్నకి తెలిసిందో లేదో.

మా జాబితాలో అన్న పేరు ఎప్పుడూ ఆఖరునే ఉండేది. తన వీడియోలో లోడింగ్ తనే లెక్కపెట్టి తీసేసేవాడు కాదు. కాటా మీదకి సొంతవాళ్ల లారీ వచ్చినా అంతే, లేచి కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేవాడు.

"నాది నువ్వు వేయాలమ్మా," అని నన్ను రెండుసార్లు అడిగాడు.

"పరీక్షలయ్యాక వేస్తానన్నా." రెండుసార్లూ అదే చెప్పాను.

పరీక్షలు అయిపోయి నెల దాటింది.

ఈ రోజు పెదనాన్న వాళ్ల ఊరు బేస్తవారిపేటలో అన్నని సాగనంపి ఇంటికొచ్చాం. స్నానం చేసి, అన్న వీడియో తెరిచాను. ఇమ్రాన్‌కి కూడా పంపాను. ఇద్దరం విడివిడిగా లెక్క వేయాలి, అయ్యేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు.

పద్నాలుగో తలుపు దగ్గర వీడియోలో లారీ హారన్ మోగింది. వెంటనే అన్న గొంతు. "ఉండు మామా, పిల్లిని బయటికి రానీ!"

లెక్క తప్పింది. మళ్లీ మొదటి తలుపు నుంచి మొదలుపెట్టాను.

ఇద్దరి లెక్కా ఒక్కటే వచ్చింది.

సెకండ్! ఆఖరున ఉన్న మా అన్న సెకండ్! ఇమ్రాన్ కంటే అర సెకను వెనక, నా కంటే కొంచెం ముందు. ఆ డబ్బా మీద! మధ్యలో ఆ లారీ మామకి సమాధానం చెబుతూ!

ఇమ్రాన్ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. "అక్కా, నా వీడియోలో తలుపుకొక ఫ్రేమ్ తక్కువ తీసేద్దాం. నా టైమ్ పెరుగుతాది. అన్న ఫస్ట్ వస్తాడు. ఎవురికి తెలుస్తాది?"

నాకూ ఆశ పుట్టింది. అబద్ధం చెప్పను.

"డ్రైవర్‌ని ఒక్కసారే దించకూడదు ఇమ్రాన్," అన్నాను.

ఇమ్రాన్ ముక్కు చీదుకున్నాడు.

"ఔనక్కా. అన్న తిడతాడు."

జాబితా మార్చాను. ఇప్పుడు నాది మూడో స్థానం. ఓడిపోయి గంతులేయడం నాకిదే మొదటిసారి. అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

అన్నా, నీ తూకం వేశాను. ఆలస్యంగానే వేశాను, కానీ సరిగ్గా వేశాను.

నీ పిల్లి బయటికొచ్చేసింది. నువ్వు ఇక ఏ తలుపు దగ్గరా ఆగనక్కర్లేదు. హాయిగా ఉండు.