మూడు నెలల కింద ఏటైంది?

మా అమ్మాయికి బిలాస్‌పూర్‌లో సంతానం కోసం వైద్యం చేసిన డాక్టరమ్మ, రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగావిడే. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వచ్చిన ప్రతి ఆడపిల్లనూ ఒకటే అడిగేది: "మూడు నెలల కింద ఏటైంది?" ఇవాళ్టి సంగతి వదిలి పాతది ఎందుకు తవ్వుతోందో నాకు బోధపడేది కాదు.

ఆ రోజు, మా అమ్మాయి నుంచి తీసిన గుడ్లలో ఒక్కటీ పిండంగా ఎదగలేదని తెలిసింది. "నా గుడ్లే పనికిరావు. ఇంక వద్దు నాన్నా" అని ఏడ్చింది. డాక్టరమ్మ అదే ప్రశ్న వేసింది. నేను రోజూ ఇంటి సంగతులు రాసుకునే డైరీని సంచిలోంచి తీసి, ఆ నెలలో అమ్మాయి గురించి రాసింది చదివాను: టైఫాయిడ్, పది రోజులు, గంజి కూడా దిగలేదు.

"అచ్ఛా! గుడ్డు ఒక్కరోజులో తయారవదు బాబాయిగారూ. నెలల తరబడి చిన్న నీటిసంచిలో పెరుగుతాది. ఒంట్లో ఉన్నదే ఆ నీటిలోకి దిగుతాది. జ్వరం దానికీ తగిలుండొచ్చు."

"కారణం అదేనంటావా?"

"ఏమో, ఒట్టేసి చెప్పలేను. ఆ నీటి సంగతి మాకే పూర్తిగా తెలీదు." అమ్మాయి వైపు తిరిగింది. "నీ గుడ్లు పనికిరావని ఎవలన్నారే? ఇప్పుడు పెరిగేవి ఆ జ్వరం తగ్గాక పెరుగుతున్నవి కదా."

అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది.