నాయనమ్మ వేలిముద్ర

నాయనమ్మ బొటనవేలిని పట్టుకుని ఆ కాగితం మీద నొక్కింది నేనే. బ్యాంకులో స్టాంపు ప్యాడ్ వాసన తగిలితే ఇప్పటికీ లైన్లోంచి బయటికొచ్చేస్తాను.

నరసాపురం దగ్గర మా జాలరిపేటను హార్బరు కోసం ఖాళీ చేయమన్నారు. ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకూడదని ఊరంతా అనుకుంది. రొయ్యలు ఒలిచి ఒలిచి నాయనమ్మ వేలిగీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో నేను నొక్కితేనే ముద్ర పడేది.

"హాజరేనండి, మామ్మగారూ! భోజనాలకి లెక్క ఉండాలి కదా," అన్నాడు హార్బరు గురించి ఊళ్లో పెట్టిన సభకొచ్చిన ఆఫీసరు, వేలిముద్రకి కాగితం చాపుతూ.

"ఒద్దే, ఒదులు!" అంది నాయనమ్మ. రేషన్ షాపులోనూ అలాగే విసుక్కునేది కనక ఇంకా గట్టిగా నొక్కాను.

"మనవరాలు హుషారండోయ్!" అంటూ ఆయన పులిహోర పొట్లం ఇచ్చాడు. సిరా అంటిన వేళ్ళు నాకుతూ తిన్నాను.

అవి హాజరు కాగితాలు కావు, ఊరు ఖాళీ చేయడానికి అంగీకార పత్రాలు. ఊరు కోర్టుకెళ్లింది. అన్నిటిలోకీ స్పష్టంగా పడ్డ ముద్ర నాయనమ్మదేనట. ఆ పత్రాలు చెల్లుతాయో లేదో కోర్టు ఇంకా తేల్చలేదు.