బంగారయ్య బావగారు ఇల్లు చూసే పద్ధతి

మా బంగారయ్య బావగారు ఏ ఇంటి బేరానికి వెళ్ళినా, ముందు ఆ ఇంట్లో ఒక కునుకు తీసేవారు. దూలాలు చూడటం, గోడలు తట్టడం, నూతిలో నీళ్ళు చేది రుచి చూడటం నా పని. నిద్ర ఆయన పని. లేచాక ఆయన చెప్పిందే తీర్పు. ఆ తీర్పు ఎప్పుడూ ఒకటే: వద్దు.

ఆయన మా అక్క దుర్గమ్మ భర్త. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడు, భాద్రపదంలో గోదావరి గట్టు కోసుకుపోయి వాళ్ళ ఇల్లూ, గాదె, పదహారు కొబ్బరి చెట్లూ నదిలో కలిసిపోయాయి. అక్కా, బావగారూ, నలుగురు పిల్లలూ, రెండు గేదెలూ మిగిలి మా ఇంటికి చేరారు. మాది మూడు గదుల కొంప. కాళ్ళు చాపుకుని పడుకోవాలంటే వంతులు వేసుకోవలసి వచ్చేది.

"అన్నయ్యగారు కడతారో, కొంటారో, ఏదో ఒకటి తేల్చుకుంటే బావుణ్ణు" అని మా ఆవిడ రోజూ నాతో అనేది. ఆయనతో మాత్రం అనేది కాదు. అందువల్ల ఆ మాట బరువంతా నేనే మోశాను.

"కట్టేద్దాం బావగారూ" అన్నాను.

"ఎవరు కడతారురా? వడ్రంగులందరూ కాలవ లాకులకి తలుపులు చేస్తన్నారు. మట్టిపనోళ్ళందరూ ఆ కాలవలే తవ్వుతన్నారు. మనకి మిగిలిందెవరు? నువ్వూ, నేనూ."

"అయితే కొనేద్దామండి."

"ఆయ్. చూద్దాం పద."

అలా మొదలైంది. మొదట కొత్తపేటలో ఒక పెంకుటిల్లు. టేకు తలుపులు, తియ్యటి నీళ్ళు. నేను గోడలు తడుతూ వెళ్ళేసరికి బావగారు లోపలి వసారాలో కండువా తలకింద పెట్టుకుని, ఇంటి కప్పు అదిరేలా గురక పెడుతున్నారు. ఇంటాయన కంగారుపడిపోయాడు.

"ఆయనకి ఒంట్లో బావోలేదాండి?"

"బానే ఉందండి. ఇల్లు చూస్తన్నారు."

రెండు గడియల తరవాత బావగారు లేచి, ఒళ్ళు విరుచుకుని, "ఈ ఇంటి గోడలు గురక పెడతన్నాయండి. మాకొద్దండి" అన్నారు.

"ఆ గురక మీదే బావగారూ!" అన్నాను దారిలో.

"నాది వేరు, గోడలది వేరు. నీకు తెలీదు" అని చక్కా నడిచారు. రెండు కోసుల దూరం. ఎండ నెత్తిన.

ఆత్రేయపురంలో ఇల్లు ఇంకా బాగుంది. అక్కడ కూడా నిద్రపోయి లేచి, "పొద్దు కొంచెం ఎడంగా గుంకుతందండి ఇక్కడ" అన్నారు. ఆ ఇంటాయన పడమటివైపు అలా చూస్తూ నిలబడిపోయాడు. ఇంకోచోట కలలోకి పిల్లి వచ్చి ఎదురైందన్నారు. మరోచోట, ఇంట్లో చీమలు వరసగా నడవడం లేదన్నారు. మాఘమాసం నాటికి ఆరు ఇళ్ళు. చైత్రానికి తొమ్మిది. నా చెప్పులు రెండుసార్లు కుట్టించాను. మూడోసారి కుట్టడానికి వాటిలో తోలు మిగల్లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మమ్మల్ని చూడగానే జనం చాప వేసి, "పడుకుంటారాండి?" అని అడగడం మొదలుపెట్టారు.

అక్కయినా కోప్పడుతుందని చూశాను. ప్రతిసారీ వాకిట్లో ఎదురొచ్చి, "ఏవైందండీ?" అనేది. ఆయన దూరంగా తీసుకెళ్ళి ఏదో చెప్పేవారు. అక్క తల ఊపి, "సర్లెండి, ఇంకోటి చూద్దాం" అని గేదెలకి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయేది. ఇద్దరికీ మతిపోయిందనుకున్నాను.

రోహిణి కార్తెలో పదకొండో ఇల్లు చూడటానికి బయల్దేరాం. ఇంకో నెలలో వానలు. కొత్తపేటకి అవతల, కోసున్నర దూరంలో ఉన్న ఊరు. ఇల్లు ఒక ముసలావిడ భర్తది. ఆవిడ పేరు బుజ్జమ్మ. భర్త పోయి ఏడాదైంది, పిల్లల్లేరు. అమ్మేది ముమ్మిడివరంలో ఉంటున్న మరిది కొడుకు. బేరం చెప్పడానికి అతనే వచ్చాడు.

ఆ రోజు నాకు ఓపిక అయిపోయింది. గోడలు తట్టలేదు. నీళ్ళు తోడలేదు. బావగారు పడుకోగానే నేనూ ఆ పక్కనే నడుం వాల్చి, కళ్ళు మూసుకున్నాను.

అటుపక్క వంటింట్లోంచి గొంతులు వినిపించాయి. బుజ్జమ్మగారు పక్కింటావిడతో మాట్లాడుతున్నారు.

"ముమ్మిడివరం నీళ్ళు ఉప్పంటనే. అక్కడ పప్పు ఉడకదంట."

"వాళ్ళు వండుకోటం లేదేంటి పిన్నీ?"

"వాళ్ళు వండుకుంటారు. నా చేత పప్పు ఉడక్కపోతే, నన్నెవరు పలకరిస్తారే అక్కడ? ఇక్కడైతే వీధిలో పోయే ప్రతీవోళ్ళూ 'ఏం కూర పిన్నీ' అంటారు."

తరవాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను కళ్ళు తెరిచి పక్కకి చూశాను. బావగారు పెద్దగా గురక పెడుతున్నారు. కళ్ళు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి. నన్ను చూసి, గురక ఆపకుండానే, మాట్లాడవద్దన్నట్టు వేలు ఎత్తారు.

నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి ఆయన లేచి బయటకి వచ్చారు. ఏ వంక చెబుతారో అని చూస్తున్నాను. ఇల్లమ్మే కుర్రాడిని అరుగు మీద కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగారు.

"ఎందుకు అమ్ముతున్నావయ్యా?"

"ఏం చెయ్యనండి? పెద్దమ్మ ఒక్కత్తీ ఉంటంది. కళ్ళు సరిగా కనపడవు. మొన్న నూతి దగ్గర పడిపోయిందండి. ఒక్కత్తినీ ఎలా వదిలెయ్యను? నాతో తీసుకుపోదావని."

"ఇల్లొద్దు గానీ, పెరడు అమ్ముతావా?"

"పెరడాండి?"

"ఆయ్. అందులో నేను ఇల్లేసుకుంటాను. మా దుర్గమ్మ రోజూ పెద్దమ్మగారికి నీళ్ళు తోడిపెడతది. మా పిల్లలు నలుగురూ పగలల్లా ఆవిడ బుర్ర తినేస్తారు. ఆ పూచీ నాది. ఆవిడ ఇంట్లో ఆవిడే ఉంటారు."

కుర్రాడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. లోపల బుజ్జమ్మగారి చేతిలోంచి గరిటె జారి పడిన చప్పుడైంది.

దారిలో నేనే ముందు నోరు విప్పాను.

"అన్నిచోట్లా ఇంతేనా బావగారూ?"

"కొత్తపేటలో అన్నదమ్ములు దెబ్బలాడుకుని అమ్ముతన్నారు. తల్లి వంటింట్లో కూచుని ఏడిచింది. మొన్న కలిసిపోయేరంట. ఆత్రేయపురంలో నిండు చూలాలు, పురుడు ఎక్కడ పోసుకోవాలని బెంగ. ఇల్లు చూపించేవోళ్ళు దూలాలు చూపిస్తారురా. ఇష్టం లేనోళ్ళు వంటింట్లో ఉంటారు."

"మరి ఆ గురకెందుకండీ?"

"మగోడు మెలకువగా ఉంటే ఆడోళ్ళు మాట్లాడరు కదా?"

"ఆ చీమలూ, పిల్లీ?"

"మీ అమ్మ ఏడుస్తందని మొహం మీద చెప్తే వాళ్ళకి అవమానం కాదూ? నాకు పిచ్చంటే ఎవరికీ నష్టం లేదు."

వడ్రంగి దొరకలేదు. ఇల్లు మేమే కట్టాం. తాటి దూలాలు నేనూ బావగారూ మోశాం. అక్కా, మా ఆవిడా మట్టి తొక్కారు. బుజ్జమ్మగారు అరుగు మీద కూర్చుని, కనపడకపోయినా ప్రతి గోడకీ వంకర ఉందని చెప్పారు. ఆవిడ అన్నది నిజమే, ప్రతి గోడకీ వంకర ఉంది. ఆరుద్ర కార్తెలో తొలి వాన పడేనాటికి తాటాకు కప్పు పూర్తయింది. నా నడుము మాత్రం అప్పటినుంచీ నాది కాదు.

పాలు పొంగించిన రోజు భోజనాలయ్యాక బావగారిని పక్కకి పిలిచి అడిగాను.

"నిజం చెప్పండి. ఈ తొమ్మిది నెలల్లో ఒక్కచోటైనా నిజంగా నిద్రపోయేరా?"

"ఒక్కచోట పోయేనురా. మీ ఇంట్లో. తొమ్మిది నెలలూ హాయిగా పోయేను."

"మూడు గదుల్లో, కాళ్ళు ముడుచుకునా?"

"మొదటి రోజు అక్కడా గురక పెట్టి విన్నాను. మీ ఆవిడ వంటింట్లో ఏవందో తెలుసా? 'ఈ పిల్లలకి రేపట్నుంచి పెద్ద గిన్నె పెట్టాలి' అంది. అంతే. ఆ రాత్రినుంచీ నా గురక నిజం గురకే."

ఇంటికి వెళ్ళాక ఆ మాట మా ఆవిడకి చెప్పాను. ఆ పూట అడక్కుండానే నా విస్తట్లో రెండో గరిటెడు నెయ్యి పడింది.