బండి తల్లికి కొత్త బండి

వాంగ్ నది వంతెన పక్కనున్న పోలీసు స్టేషనుకి కొత్త గస్తీ బండ్లు వస్తున్నాయన్న కబురు అక్కడ బండి తోలే దాబ్ (హవల్దారు) బున్‌లువా కంటే ముందు ఆయన భార్య కమోన్ చెవిన పడింది. ఆవిడ లంపాంగ్ బజారులో పుచ్చకాయ రసం కలిపిన అన్నపు అప్పడాలు వేయించి అమ్ముతుంది. స్టేషను గుమాస్తా అప్పడాలు కొనుక్కుంటూ చెప్పాడట. సాయంత్రం ఇంటికొచ్చి బుట్ట దించుతూనే ఆవిడ అంది:

"నీ రెండో పెళ్ళాన్ని ఇనుప సామానోడికి ఇచ్చేస్తున్నారట."

ఆయన తోలే ఏడో నంబరు బండిని ఆవిడ ఆ మాట అనడం కొత్త కాదు గనక ఆయనకి కోపం రాలేదు. మొదటి కూతురు పుట్టిన నాడు బండికి ఆయిలు మార్పించాకే ఆస్పత్రికి వచ్చాడని ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. ఆ కూతురికే ఇద్దరు పిల్లలు పుట్టారు గాని, దెప్పిపొడుపు మాత్రం పాతబడలేదు.

"ఎప్పుడట?"

"శుక్రవారం పొద్దున కొత్తవాటికి భిక్షువులొచ్చి బొట్లు పెడతారట. మధ్యాహ్నానికి పాతదాన్ని లాక్కుపోతారట. దానికీ నీకూ ఒకే నెలలో రిటైర్మెంటు. మంచి జోడీ."

బున్‌లువా వాకిట్లోకి వెళ్ళి కూచున్నాడు. బండి పోవడం ఆయనకి పెద్ద దిగులు కాదు. ఇనుము ఎప్పటికైనా ఇనుపకొట్టుకే చేరుతుంది. ఆయన దిగులంతా అందులో ఉన్న ఆవిడ గురించి.

ఏ బండికైనా కాచుకునే ఒక తల్లి ఉంటుంది. మే యానాంగ్ అంటారు. వెనకటికి పడవ ముక్కున కూచునేది, పడవలు తగ్గి బండ్లు వచ్చాక వాటి ముందు అద్దం దగ్గరికి మారింది. పర్వదినాల్లో ఆవిడకి మల్లెదండ వెయ్యాలి, ఎర్ర సోడా పెట్టాలి. ముందు సీటులో కాలు చాపకూడదు. తాగినవాణ్ణి వెనక ఎక్కించే ముందు కూడా, అమ్మా వీడు తప్ప తాగాడు, కాస్త ఓర్చుకో అని చెప్పాలి. ఇవన్నీ బున్‌లువా తప్పకుండా చేశాడు. అన్నేళ్ళలో ఏడో నంబరులో ఎక్కినవాడెవడూ అందులో ప్రాణం వదల్లేదు. అది తన చేతి మహిమని ఆయన ఏనాడూ అనుకోలేదు. అలాంటి ఆవిణ్ణి పిలవకుండా, చెప్పకుండా తుక్కులో వదిలేస్తే? ముక్కలు కోసే చప్పుళ్ళ మధ్య ఆవిడ ఏ తలుపు దగ్గర కూచుంటుంది?

ఆ బండిని కొత్తలో రాజధాని నుంచి తోలుకొచ్చింది తనే. దారి పొడుగునా కిటికీలు మూసే ఉంచాడు, కొత్త సీట్ల వాసన పోతుందేమోనని. పట్నం చేరాక గడియార స్తంభం దగ్గర ఉత్సాహం ఆపుకోలేక సైరను మోగించాడు. ఆ చప్పుడికి గుర్రబ్బళ్ళ వరుసలో ఒక గుర్రం బెదిరి, ఎక్కబోతున్న తన అత్తగారితో సహా గుర్రబ్బండిని కాలవలోకి లాగేసింది. ఆవిణ్ణి పైకి లాగిన బున్‌లువా సగం పట్నం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ వీధిలో ఆయన మళ్ళీ సైరను వెయ్యలేదు. దొంగని తరిమేటప్పుడు కూడా హారనుతోనే సరిపెట్టుకున్నాడు.

ఒక వానాకాలం కొండ పల్లె నుంచి ఆస్పత్రికి తీసుకొస్తున్న ఒకామె దారిలోనే, వెనక బెంచీ మీద ఆడపిల్లని కన్నది. ఆ పిల్లకి సైరెన్ అని ముద్దుపేరు పెట్టారు. ఇప్పుడు బజారులో ఫోన్లు అమ్ముతోంది, బున్‌లువాని చూస్తే పెద్దనాన్నా అంటుంది. సవేంగ్ అని బడిపంతులు ఒకాయన ఉండేవాడు. జీతం రోజున తాగి నూడుల్సు కొట్టు మెట్ల మీద కూచునేవాడు. ఎవరు లేపినా లేచేవాడు కాదు. "ఏడో నంబరు రానీ. ఇంకో బండెక్కితే మా ఆవిడ తలుపు తియ్యదు," అనేవాడు. ఆయన పోయినప్పుడు శవయాత్ర ముందు ఏడో నంబరు నడవాలని ఆ ఇల్లాలే వచ్చి అడిగింది. బున్‌లువా ఆ రోజు బండిని రెండుసార్లు కడిగాడు.

గురువారం రెండు బండ్లూ వచ్చాయి. అచ్చంగా కవల పిల్లలు. బున్‌లువా గుమాస్తాని పట్టుకున్నాడు.

"మనది ఏదిరా?"

"ఒకటి మనకి, ఒకటి కొండ మీది స్టేషనుకి బాబాయ్. వేపచెట్టు కిందది మనదనుకో. నంబరు పలకలు రేపు బిగిస్తారు."

అనుకో అన్న మాటని బున్‌లువా పట్టించుకోలేదు. మధ్యాహ్నం లోపల ఆవిణ్ణి మార్చాలన్నదొక్కటే ఆయన బుర్రలో ఉంది.

శుక్రవారం తెల్లవారగానే మల్లెదండ, అరటిపళ్ళు, ఎర్ర సోడా, మూడు రంగుల గుడ్డ పట్టుకుని వచ్చాడు. ముందు ఏడో నంబరు దగ్గర అగరొత్తులు వెలిగించి మోకాళ్ళ మీద కూచున్నాడు.

"అమ్మా, ఈ ఇల్లు పాతదైపోయింది. కురుస్తోందని నీకూ తెలుసు. పక్కన కొత్తిల్లు కట్టించారు. చల్లగాలి మిషను కూడా ఉంది. నీ మూటా ముల్లే తీసుకుని నా వెనకాలే రా. నేను నెలాఖరుకి వెళ్ళిపోతున్నా. రవీవన్ అని మంచి పిల్ల, నా తరవాత తోలుతుంది. నన్ను చూసినట్టే దాన్నీ చూసుకో."

అగరొత్తుల్ని ఆరనివ్వకుండా వేపచెట్టు దాకా నడిచి, కొత్త బండి ముందు గుచ్చి, స్టీరింగు చక్రానికి గుడ్డ కట్టాడు. తిరిగొచ్చి ఏడో నంబరు తాళం తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. నిన్నటిదాకా మొదటి తిప్పుకే పలికిన బండి. ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ వెళ్ళిపోయిందన్నమాట.

భిక్షువులు వచ్చారు, మంత్రాలు చదివారు, రెండు బండ్ల కప్పుకీ తెల్లటి ముద్దతో బొట్లు పెట్టి నీళ్ళు చల్లారు. భోజనాలయ్యాక సూపరింటెండెంటు తాపీగా బండ్ల మధ్యకి నడిచి, అప్పుడే బిగించిన పలకల మీది అంకెల్ని వేళ్ళ మీద కూడుకున్నాడు.

"వేపచెట్టు కిందదానికి నాలుగొస్తోంది. దీనికి తొమ్మిది. తొమ్మిది అచ్చొచ్చే అంకె, మనకుంచండి. అది కొండకి పంపండి."

బున్‌లువా చేతిలోని పళ్ళెం ఒరిగింది. రవీవన్ అందుకుంది.

"ఏమైందన్నా?"

"ఆవిడ అందులో ఉంది."

విషయం తెలిసి ఆమె మొహం చిన్నబోయింది. "అడిగే పని లేదా అన్నా ముందు? పలకలొచ్చాక పిలవొచ్చుగా. పెళ్ళివారి ఊరు తెలియకుండా పిల్లని పంపేశావు."

బున్‌లువా పళ్ళెం ఆమెకే వదిలి కదిలాడు. నేరుగా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నవ్వలేదు. ఆయన మెడలో ఏడు తాయెత్తులు ఉన్నాయి.

"ఇటు రమ్మని ఇంకోసారి పిలవకూడదా దాబ్?"

"పొద్దున ఇల్లు మారిన పెద్దావిణ్ణి మధ్యాహ్నం మళ్ళీ సామాను సర్దుకోమంటే ఊరుకుంటుందా సార్?"

ఆయన తొమ్మిది వచ్చే పలకని ఒకసారి చూసుకుని నిట్టూర్చాడు. "సరే. ఇన్నేళ్ళు చేసి వెళ్ళిపోతున్నావు. నాలుగే ఉంచుకుందాం. నువ్వు ఊ అను, బండ్లు మార్చేస్తా."

కొండ మీది స్టేషను నుంచి బండి తీసుకెళ్ళడానికి వచ్చిన సింగ్‌ఖాం పక్కనే ఉండి ఈ మాటలన్నీ విన్నాడు. నలభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. అంతకుముందే వేపచెట్టు కింది బండెక్కి చూసినప్పుడు, చక్రానికి గుడ్డ కనబడగానే దిగిపోయి, చెప్పులు విడిచి, చేతులు జోడించి మళ్ళీ ఎక్కాడు. అది బున్‌లువా చూశాడు.

"మీరే ఉంచుకోండి బాబాయ్," అన్నాడు సింగ్‌ఖాం. "ఎవరి తల్లినో ఎత్తుకుపోయానన్న పేరు నాకెందుకు? మేం ఎలాగో తోలుకుంటాం."

"మీ దారి ఎలా ఉందిప్పుడు?"

"ఎప్పట్లాగే. వానకి మట్టి జారుతుంది. మొన్న మా పాత బండి లోయ అంచున టేకు మొద్దుకి ఆనుకుని ఆగింది. మొద్దు లేకపోతే నేనివాళ ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు."

బున్‌లువా వేపచెట్టు కేసి చూశాడు. ఊ అంటే చాలు. ఆవిడ ఈ ఆవరణలోనే ఉంటుంది. తనకి సెలవొచ్చాక కూడా రోజూ బజారుకి పోతూ వంతెన మీద నుంచి పలకరించుకోవచ్చు. కాని పట్నంలో ఇప్పుడు ఆవిడకి పనేముంది? వరద రాకుండా నదికి గట్టు కట్టారు. తాగినవాళ్ళు ఫోను నొక్కి కిరాయి మోటారు సైకిలు పిలుచుకుంటున్నారు. పంతులు సవేంగ్ లేడు. కానుపుకి అంబులెన్సు వస్తోంది. ఇక్కడ ఆవిడ చల్లగాలి మిషను కింద కూచుని కునుకు తియ్యాల్సిందే. అక్కడ టేకు మొద్దు చేసిన పని ఎవరో ఒకరు చెయ్యాలి.

"వద్దు సార్," అన్నాడు. "మీ తొమ్మిది మీరుంచుకోండి. ఆవిడ కొండకే వెళ్తుంది."

"మరి నా బండికో?" అంది రవీవన్.

"నీకూ ఒకావిడ వస్తుంది. కొత్తగా వస్తుంది కాబట్టి నీ అలవాట్లే నేర్చుకుంటుంది. నోరు కాస్త అదుపులో పెట్టుకో."

సింగ్‌ఖాం తాళం తీసుకుని రెండడుగులు వేసి ఆగాడు. "దారిలో ఆవిడ సంగతులు చెబుదురుగాని రండి బాబాయ్. కనుమ దాకా."

బున్‌లువా ఎడమ వైపు సీటులో కూచున్నాడు. పోలీసు బండిలో ఆ వైపు కూచోవడం ఆయనకదే మొదటిసారి. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఎండలో నిలిపితే ఆవిడకి కోపమని, గేరు గట్టిగా లాగితే సహించదని, వానరోజు బయల్దేరే ముందు ఒక్క క్షణం చెయ్యి వేసి ఉంచాలని, గుర్తొచ్చినవన్నీ చెప్పాడు. సింగ్‌ఖాం ఊ కొడుతూ విన్నాడు. కనుమ గుడి ముందు దణ్ణంగా మూడుసార్లు హారను కొట్టి బండి ఆపాడు. బున్‌లువా దిగి, ముందు అద్దం దాకా వెళ్ళి చేతులు జోడించాడు. బండి మలుపు తిరిగింది.

కిందికి పోయే జీపులో చోటు దొరికేసరికి పొద్దు వాలింది. జీపువాడు అద్దంలోంచి ఆయన యూనిఫాం చూశాడు.

"ఎవర్నైనా సాగనంపడానికి వచ్చారా బాబాయ్?"

"మా పెద్దావిణ్ణి."

"ఎక్కడికెళ్ళింది?"

"ఉద్యోగానికి," అన్నాడు బున్‌లువా.